అడుగని ఆకలిని ఎరిగిన తల్లి – డొక్కా సీతమ్మగారు

శ్రీమన్నారాయణుని ఆరాధనతోపాటు ఆయన భక్తులను ఆరాధించటం కూడా పరమధర్మమని శ్రీవైష్ణవ సంప్రదాయం బోధిస్తుంది. దీనికే తదీయారాధన అని పేరు. స్వామికి నివేదించిన అన్నాన్ని స్వామికి చెందినవారికి ఆదరంతో వడ్డించటం ఇందులో ప్రధానం. తిరుమంగై ఆళ్వారు నిత్యం 1008 మంది వైష్ణవులకు భోజనం పెట్టే నియమాన్ని పూని, అందుకోసం తన సర్వస్వాన్నీ వెచ్చించిన వృత్తాంతం భక్తలోకానికి సుపరిచితమే. మన తెలుగునాట తరిగొండ వెంగమాంబ (1730–1817) తిరుమల కొండపై స్వామి సేవలో జీవితాన్ని పండించుకున్నారు. నేడు అక్కడ వేలాది యాత్రికులు పంక్తిలో కూర్చుని అన్నప్రసాదం స్వీకరించే విశాల భవనానికి 2011 నుంచి ఆ మహాభక్తురాలి పేరే ఉంది.

ఈ అన్నదాతల వరుసలో కోనసీమ ప్రజలు ఈనాటికీ చేతులు జోడించి తలచుకునే మరొక తల్లి ఉన్నారు. ఆమె గ్రంథాలు రచించలేదు, మఠాలు స్థాపించలేదు. ఒక పల్లెటూరి ఇంటి వంటశాలలో పొయ్యి ముందు కూర్చుని జీవితాన్ని గడిపిన సామాన్య గృహిణి. ఆమెయే అపర అన్నపూర్ణగా కీర్తి పొందిన డొక్కా సీతమ్మగారు. ఆమె చరిత్ర స్మరించటం పుణ్యప్రదం. అంతకుమించి, మన ఇళ్లలో మనం గమనించక విడిచిపెడుతున్న ఒక ఆకలిని అది మనకు చూపుతుంది. ఆ రెండవ ప్రయోజనం కోసమే ఈ వ్యాసం.

సీతమ్మగారు 1841వ సంవత్సరంలో తూర్పు గోదావరి ప్రాంతంలోని మండపేటలో జన్మించారు. తండ్రి అనుపిండి భవానీశంకరంగారు, తల్లి నరసమ్మగారు. భవానీశంకరంగారు గొప్ప ధనవంతులు కాకపోయినా, ఇంటికి వచ్చిన వారికి అన్నం పెట్టకుండా పంపేవారు కారట. ఆ కారణంగానే ఊరివారు ఆయనను బువ్వన్న అని ముద్దుగా పిలుచుకునేవారని చెబుతారు. బిరుదులు పొందిన పండితులెందరో ఉండవచ్చు. పసిపిల్లలు మొదటగా నేర్చుకునే అన్నపు మాటనే బిరుదుగా పొందిన భాగ్యం మాత్రం ఎందరికో దక్కదు. తల్లి చిన్ననాటనే గతించటంతో ఇంటి బాధ్యత, అతిథుల ఆదరణ ఆ బాలిక చేతికే వచ్చాయి. ఎసట్లో బియ్యం పోసేటప్పుడు రాబోయే వారి కోసం మరొక గుప్పెడు కలపటం ఆమెకు పుట్టింటిలోనే అలవడింది.

లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్నగారు వేదం చదివినవారు, భూవసతి కలవారు. ఆయన ఒకసారి ప్రయాణంలో మండపేట మీదుగా పోతూ భవానీశంకరంగారి ఇంట ఆతిథ్యం పొందారని, ఆ సమయంలో సీతమ్మగారి అణకువను, వడ్డనలోని ఆప్యాయతను చూచి ఆమెను వివాహం చేసుకోవాలని కోరుకున్నారని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. ఒక భోజనపు పంక్తిలో మొదలైన ఆ సంబంధం జీవితాంతం భోజనపు పంక్తుల మధ్యనే సాగింది. భార్య పెట్టే చేతిని భర్త ఏనాడూ అడ్డుకోలేదు. ఈ అన్నవ్రతంలో జోగన్నగారి భాగాన్ని మనం మరువరాదు. పంట ఇంటికి తెచ్చేవారి అంగీకారం లేకపోతే గృహస్థాశ్రమంలో అతిథి పూజ సాగదు.

లంకల గన్నవరం ఎటువంటి చోటో తెలుసుకుంటే ఆ ఇంటి గొప్పతనం మరింత బోధపడుతుంది. గోదావరి ధవళేశ్వరం దిగువన గౌతమి, వాసిష్ఠ శాఖలుగా చీలుతుంది. ఆ రెండింటి నడుమ ఉన్నదే కోనసీమ. వాసిష్ఠ నుంచి మరొక పాయ చీలి సాగరం వైపు పారుతుంది. ఆ పాయకు గరుత్మంతుని పేరైన వైనతేయ అనే నామం ఉంది. స్వామిని మోసే పక్షిరాజు పేరు దాల్చిన ఆ నదీతీరాననే సీతమ్మగారి ఊరు ఉంది. నేడది 2022లో ఏర్పడిన కోనసీమ జిల్లాలోనిది. ఆ కాలంలో ఈ ప్రాంతంలో ప్రయాణమంటే కాలినడక, పడవ, అదృష్టముంటే ఎడ్లబండి. వర్షాకాలంలో పాయలు పొంగితే పడవలు కదిలేవి కావు. రేవు దాటలేక, ఇల్లు చేరలేక, పూటకూటి ఇల్లు కూడా అందుబాటులో లేక బాటసారులు ఎందరో పస్తులుండేవారు. యాత్రికులు, పనివెతుక్కునే కూలీలు, పెళ్లివారు, వృద్ధులు, రోగులు — అందరికీ మార్గమధ్యంలో గుర్తుకు వచ్చేది సీతమ్మగారి ఇల్లే.

ఆ ఇంట వేళ అన్నది లేదు. తెల్లవారుజామున వచ్చినా, అర్ధరాత్రి తలుపు తట్టినా ఆమె లేచి పొయ్యి వెలిగించేవారు. వచ్చినవారి కులం ఏమిటని, ఊరు ఏదని, చేతిలో ఏమున్నదని విచారించేవారు కారు. ఆ కాలపు సాంఘిక నియమాలు ఎంత కఠినమైనవో ఎరిగినవారికి ఈ మాట విలువ తెలుస్తుంది. గోదావరి పొంగి పారుతున్న ఒక రాత్రి ఆవలి లంకలో చిక్కుకొన్న వారి ఆకలి కేకలు వినిపిస్తే, వండించిన అన్నాన్ని పడవలో వారివద్దకు చేర్చిన కథ కూడా ఆ తీరంలో ప్రచారంలో ఉంది. అన్నం ఉన్నచోటికి ఆకలిగొన్నవాడు రాలేకపోతే, ఆకలి ఉన్నచోటికి అన్నమే పోవాలన్నది ఆ దంపతులు ఆచరించిన ధర్మం.

సీతమ్మగారి కాలం ఎటువంటిదో ఒక్కసారి పరికిద్దాం. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో ప్రారంభమై 1852 నాటికి ముగిసింది. దానితో గోదావరి డెల్టా పచ్చబడింది. అయితే మద్రాసు రాజధానిలోని ఇతర భాగాలకు ఆ భాగ్యం లేకపోయింది. 1876–78లో ధాత కరువు వచ్చింది. బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలు శ్మశానాలయ్యాయి. దక్షిణ భారతంలో లక్షలాది ప్రజలు ప్రాణాలు కోల్పోయారు. అప్పుడు సీతమ్మగారికి ముప్పయి అయిదేళ్లు. కాలువల పుణ్యాన డెల్టా ఆ మహాక్షామం నుంచి తప్పించుకున్నప్పటికీ ధాన్యపు ధరలు రాజధాని అంతటా పెరిగాయి. పక్కన పంట పండినంత మాత్రాన పేదవాని విస్తరిలోకి అన్నం రాదని ఆ కాలం చాటి చెప్పింది.

ఆ కరువులోనే జరిగిన ఒక వివాదం మన విషయానికి ఎంతో దగ్గరగా ఉంది. ప్రభుత్వం తరఫున వచ్చిన రిచర్డ్ టెంపుల్ అనే అధికారి, కరువు పనులలో మట్టి మోసే పురుషునికి రోజుకు ఒక పౌను ధాన్యం, అనగా సుమారు 450 గ్రాములు సరిపోతుందని 1877లో నిర్ణయించాడు. మద్రాసు రాజధాని ఆరోగ్యశాఖకు అధిపతిగా ఉన్న వైద్యుడు కార్నిష్ దానిని తీవ్రంగా ఎదిరించాడు. ఆ కొలత ప్రాణం నిలపటానికే చాలదని, ఉత్త ధాన్యంతో కండ నిలవదని, పప్పు, కూరలు కూడా కావాలని ఆయన వాదించాడు. శిబిరాలలో పెద్దలు ఎముకల గూళ్లవుతుంటే కొద్ది నెలలలోనే ఆ కూలిని పెంచక తప్పలేదు. కడుపు నిండటం వేరు, ఒంటికి పుష్టి కలగటం వేరు అన్న సత్యాన్ని గ్రహించటానికి ప్రభుత్వానికి అన్ని ప్రాణాలు మూల్యమయ్యాయి.

మన తెలుగింటి విస్తరి ఆ సత్యాన్ని ముందే ఎరుగును. అన్నం పక్కన పప్పు, ఒక కూర, పులుసు, చివర పెరుగో మజ్జిగో ఉండాలన్న నియమం రుచి కోసం మాత్రమే ఏర్పడినది కాదు. బియ్యంలో తక్కువగా ఉన్న మాంసకృత్తుల భాగాన్ని పప్పు పూరిస్తుంది. పప్పులో తక్కువైనదానిని బియ్యం పూరిస్తుంది. పాలు, పెరుగు ఆ రెండింటికీ అండగా నిలుస్తాయి. ఒక పౌను ధాన్యాన్ని తూచి ఇచ్చే అధికారికీ, విస్తరి ముందు కూర్చోబెట్టి మారు వడ్డించే ఇల్లాలికీ భేదం ఇక్కడే ఉంది. మొదటివాడు ఎంత తక్కువతో మనిషి బ్రతుకుతాడో లెక్కించాడు. రెండవ ఆమె తిన్నవాని ముఖం చూచి వడ్డించింది.

ఇప్పుడు సీతమ్మగారి జీవితంలోని ఘట్టాలన్నింటిలోనూ శిఖరం వంటి దానిని తలచుకుందాం. వాసిష్ఠ గోదావరి సాగరంలో కలిసే చోట అంతర్వేది క్షేత్రం ఉంది. అక్కడ శ్రీలక్ష్మీనృసింహస్వామి వెలసి ఉన్నారు. మాఘ శుద్ధ దశమి రాత్రి స్వామివారి కల్యాణం, భీష్మ ఏకాదశి నాడు రథోత్సవం జరుగుతాయి. కోనసీమలోని ప్రతి ఇంటివారూ జీవితంలో ఒక్కసారైనా ఆ కల్యాణం చూడాలని ఆశిస్తారు. సీతమ్మగారికీ ఆ కోరిక ఉండేది. కానీ ఇల్లు విడిచిపోతే ఆ పూట వచ్చే అతిథి గతి ఏమిటన్న చింత ఆమెను ఏళ్ల తరబడి కదలనివ్వలేదు.

చివరకు ఒక ఏడాది అన్ని ఏర్పాట్లూ చేసుకుని పల్లకీలో బయలుదేరారట. కొంత దూరం పోయిన పిమ్మట బోయీలు అలసట తీర్చుకొనటానికి పల్లకీని దింపారు. ఆ సమయాన ఒక బృందం అటుగా వచ్చింది. దారి నడచి నడచి డస్సిపోయిన వారు. వారిలోని పిల్లలు ఆకలికి తాళలేక ఏడుస్తున్నారు. ఇంకాస్త ఓర్చుకుంటే గన్నవరం వస్తుందని, అక్కడ సీతమ్మగారి ఇంట కడుపునిండా అన్నం దొరుకుతుందని పెద్దలు వారిని ఓదారుస్తున్నారు. పల్లకీలో ఉన్నది ఎవరో వారు ఎరుగరు. ఆ మాటలు సీతమ్మగారి చెవిన పడ్డాయి. ఆమె క్షణం కూడా ఆలోచించలేదు. పల్లకీని వెనక్కు తిప్పమన్నారు. ఆ బృందం కంటె ముందుగా ఇల్లు చేరి, వంట చేసి, వారు వచ్చేసరికి విస్తళ్లు వేసి సిద్ధంగా ఉన్నారు. ఆ ఏడు ఆమె అంతర్వేది కల్యాణాన్ని చూడలేదు.

భక్తులమైన మనం ఈ కథను విని, అంతర్వేదికి వెళ్లే భాగ్యాన్ని ఆమె పోగొట్టుకున్నారని భావించగలమా? నృసింహావతార రహస్యమే వేరు. స్తంభంలో స్వామి ఉన్నాడా అని హిరణ్యకశిపుడు ప్రశ్నించినప్పుడు, లేని చోటు లేదని ప్రహ్లాదుడు నమ్మాడు. ఆ నమ్మకాన్ని నిజం చేయటానికే స్వామి స్తంభం నుంచి వెలువడ్డాడు. రాతిలో ఉండగలిగిన స్వామి ఆకలిగొన్న దేహంలో ఉండడా? ఆనాడు అంతర్వేది స్వామియే దారిలో ఆమెకు ఎదురువచ్చి, నివేదన కోసం గన్నవరం దిశగా నడిచాడని ఆ ప్రాంతపు పెద్దలు విశ్వసిస్తారు.

ఈ కథలో మనం సాధారణంగా గమనించని అంశం ఒకటి ఉన్నది. ఆ బృందంలో ఏడ్చినవారు పిల్లలు. ఓదార్చినవారు పెద్దలు. నడిచిన దూరం ఇద్దరికీ ఒక్కటే. పెద్దల కడుపులు కూడా ఖాళీగానే ఉన్నాయి. అయినా వారు తమ ఆకలిని గురించి ఒక్క మాట అనలేదు. పిల్లల ఆకలికి గొంతు ఉంటుంది. పెద్దల ఆకలికి ఉండదు. సీతమ్మగారు విన్నది పిల్లల ఏడుపే గాని, ఆమె విస్తళ్లు వేసింది అందరికీ. అడిగిన ఆకలినీ, అడుగని ఆకలినీ ఒక్క చూపుతోనే ఎరిగిన తల్లి ఆమె.

ఆమె కీర్తి క్రమంగా దేశాంతరాలకు వ్యాపించింది. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకాన్ని పురస్కరించుకుని 1903 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిగింది. ఆ సందర్భంలో ఆమెకు ఆహ్వానం వచ్చిందని, అన్నవ్రతానికి భంగం కలుగుతుందని ఆమె వెళ్లలేదని, కనీసం ఛాయాచిత్రమైనా కావాలని అధికారులు వచ్చారని చెప్పుకుంటారు. చిత్రం తీయించుకోవటానికి కూడా ఆమె సుముఖంగా లేరట. చిత్రం పంపకపోతే తన ఉద్యోగానికి ముప్పు కలుగుతుందని అధికారి వేడుకోగా, తన వలన ఒకరి అన్నం పోరాదని తలచి ఒప్పుకున్నారట. అప్పుడు కూడా ఆమెను కదిలించినది చక్రవర్తి కాదు, ఒక ఉద్యోగి కుటుంబపు విస్తరి.

1909లో సీతమ్మగారు పరమపదించారు. ఆమె పేరు మాత్రం ఆ నీటిమీద నిలిచి ఉన్నది. గన్నవరం వద్ద వైనతేయ పాయ మీదుగా కాలువ నీటిని ఆవలి సీమ పొలాలకు చేర్చే వంతెన కాలువ ఆంగ్లేయుల కాలం నుంచి ప్రసిద్ధం. తరువాతి కాలంలో కట్టిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. వరిచేలకు పోయే నీరు ఆమె పేరు మీదుగా సాగిపోవటం కంటె తగిన స్మారకం మరొకటి ఉండదు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి కూడా ఆమె పేరే పెట్టింది. ఇది సముచితమైన గౌరవం. అయితే ఆ తల్లి పంక్తిలో పిల్లల పక్కనే వృద్ధులు కూడా కూర్చున్నారన్న సంగతిని మనం విస్మరించరాదు.

పిల్లల పోషణకు, గర్భిణుల పోషణకు మన దేశంలో 1975 నుంచి అంగన్‌వాడీలు ఏర్పడ్డాయి. దిక్కులేని వృద్ధుల కోసం 2000లో అన్నపూర్ణ పేరుతోనే నెలకు పది కిలోల ధాన్యాన్ని ఉచితంగా ఇచ్చే పథకం మొదలైంది. ఇవన్నీ మేలైన ప్రయత్నాలు. అయినప్పటికీ 2017–18లో దేశమంతటా జరిపిన ఒక పెద్ద సర్వేలో, 60 ఏళ్లు పైబడినవారిలో నూటికి 27 మంది ఉండవలసిన దానికంటె తక్కువ బరువుతో ఉన్నట్లు తేలింది. వీరందరూ నిరుపేదలే అనుకోరాదు. గాదెలో ధాన్యం ఉండి, కొడుకులు, కోడళ్లు ఉన్న ఇళ్లలోనూ పోషణ లేక క్షీణిస్తున్న పెద్దలు ఉన్నారు.

దీనికి కారణాలు అనేకం. వయసు పెరిగినకొద్దీ ఆకలి మందగిస్తుంది, నాలుకకు రుచి, ముక్కుకు వాసన తెలియటం తగ్గుతుంది. పళ్లు ఊడిపోతే కూరముక్క నమలలేరు. అందుకని పచ్చడి మెతుకులు, మజ్జిగ అన్నంతో పూట గడుపుకుంటారు. కొన్ని మందుల వలన కూడా ఆకలి చచ్చిపోతుంది. భర్త పోయిన ఇల్లాలు తన ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించటం ఎందుకని రాత్రి భోజనం మానివేస్తుంది. భార్య పోయిన పెద్దాయనకు వంట రాదు, అడగటానికి అభిమానం అడ్డు వస్తుంది. ఏమీ వద్దన్న ఆయన మాటను ఇంటివారు నిజమని నమ్ముతారు.

పెద్దవయసులో పని తగ్గుతుంది కనుక తిండి కూడా తక్కువ చాలునని మనలో ఒక అపోహ ఉంది. అన్నపు పరిమాణం కొంత తగ్గితే తగ్గవచ్చు. పప్పు, పాలు, పెరుగు, ఆకుకూరల అవసరం మాత్రం తగ్గదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి సిఫారసుల ప్రకారం పెద్దవారికి శరీరపు బరువులో కిలో ఒక్కింటికి రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అనగా 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. చారు అన్నం, ఆవకాయ అన్నం ఈ లెక్కను పూరించలేవు. శాకాహారులకు బి12 అనే విటమిను పాలు, పెరుగు వంటి వాటి నుంచే లభిస్తుంది. వృద్ధాప్యంలో దానిని గ్రహించే శక్తి కూడా సన్నగిల్లుతుంది. అది లోపిస్తే నీరసం, కాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు కలుగుతాయి. వాటిని ముసలితనమే అని సరిపెట్టుకుంటాము. కండ కరిగిన వృద్ధుడు గడప తట్టుకుని పడిపోతాడు, పడినవాడు మంచం పడతాడు. రోగం వచ్చిన తరువాత వేలు వెచ్చించే ఇల్లు, అంతకు ముందు ఒక గరిటెడు పప్పు వడ్డించటం మరచి ఉంటుంది.

ఈ క్షీణతను కనిపెట్టటానికి గొప్ప చదువు అక్కరలేదు. అమ్మ చేతి గాజులు మోచేతి వరకు జారుతున్నాయా, నాన్నగారి పంచెకు మొలత్రాడు బిగించవలసి వస్తున్నదా, కట్టుడు పళ్లు వదులయ్యాయా అని చూస్తే చాలు. 50 కిలోల మనిషి ఆరు నెలలలో తనకు తానుగా రెండున్నర కిలోలు తగ్గితే వైద్యునికి తప్పక చూపాలి. సీతమ్మగారు వచ్చినవారి ముఖం చూచి ఆకలిని గుర్తించినట్లే మనం మన పెద్దల దేహాన్ని చూచి గుర్తించాలి.

ఉపవాసాన్ని గురించి కూడా ఒక మాట చెప్పవలసి ఉన్నది. ఏకాదశి వ్రతం వైష్ణవులకు పరమ పవిత్రం. ఆ వ్రతాన్ని విధించిన ధర్మశాస్త్రమే పసిపిల్లలకు, బాగా వృద్ధులైనవారికి, రోగులకు సడలింపును కూడా చెప్పింది. కఠినోపవాసం చేయలేనివారు పాలు, పండ్లు స్వీకరించవచ్చు. చక్కెర వ్యాధి ఉండి మందులు వేసుకునేవారు వైద్యుని అడగకుండా పస్తు ఉండటం ప్రమాదకరం. ఆకలిని ఓర్చి స్వామిని స్మరించటం వ్రతమే. ఇంటిలో ఎవరూ పట్టించుకోనందువలన కలిగిన పస్తును వ్రతమని పేరు పెట్టి కప్పిపుచ్చుకోవటం వ్రతం కాజాలదు. ఆ పాపం ఉపవసించిన పెద్దలది కాదు, పక్కన కూర్చుని తిన్న మనది.

మన దేవాలయాల వంటశాలలు ఈ విషయంలో మనకు గురువులు. ధనుర్మాసంలో తెల్లవారుజామున పెట్టే కట్టెపొంగలిలో బియ్యంతో సమానంగా పెసరపప్పు ఉడికి మెత్తబడుతుంది. మిరియాలు, నెయ్యి ఆకలిని లేపుతాయి. పళ్లు లేనివారు కూడా సుఖంగా మింగగలరు. దద్ధ్యోదనంలోని పెరుగు వృద్ధుల ఒంటికి హితం. స్వామికి నివేదించే పదార్థాలనే కొంచెం కొంచెంగా, ఉప్పు, తీపి వారి ఆరోగ్యానికి తగినట్లు తగ్గించి, రోజుకు నాలుగైదు మార్లు పెద్దలకు పెట్టినట్లయితే అది గృహంలో జరిగే నిత్య నైవేద్యమే అవుతుంది. పప్పును మెత్తగా మెదిపి పెట్టటం, కూరను లేతగా ఉడికించటం, రాత్రి పడుకోబోయే ముందు ఒక గ్లాసు పాలు ఇవ్వటం ఏ ఇంటికీ భారం కాదు. చాలా రోజులు సరిగా తినని వారికి మాత్రం ఒక్కసారిగా నిండు భోజనం పెట్టరాదు. గంజి, పల్చని జావతో మొదలుపెట్టి వైద్యుని సలహాపై క్రమంగా పెంచాలి.

గ్రామాలలోని దేవస్థానాలు, భజన మండళ్లు కూడా చేయదగినది ఎంతో ఉన్నది. అన్నసంతర్పణలలో పిల్లలు, బలవంతులు ముందు పంక్తిలో కూర్చుంటారు. కర్ర పట్టుకుని వచ్చిన వృద్ధులు ఎండలో నిలబడతారు. మొదటి పంక్తి వృద్ధులకు కేటాయించి, నేలపై కూర్చోలేనివారికి బల్లలు వేయటం తేలికైన పనే. గుడికి రాలేని ఒంటరి వృద్ధులు ఊరిలో ఎవరెవరు ఉన్నారో అర్చకులకు, ఊరి పెద్దలకు తెలియకపోదు. రోజూ ఒక యువకుడు ప్రసాదపు గిన్నె పట్టుకుని ఆ గడపలకు వెళ్లి, కాసేపు కూర్చుని, వారు తిన్నాక వస్తే చాలు. వరదరాత్రి పడవలో అన్నం పంపిన ఇంటికి మనం వారసులమని చెప్పుకోవటానికి అర్హత అప్పుడే లభిస్తుంది. ఒంటరిగా కూర్చుని తినేవాడు సగమే తింటాడు. పక్కన మనిషి ఉంటే రెండు ముద్దలు ఎక్కువ లోనికి పోతాయి. వడ్డనలో ఆప్యాయత కూడా ఒక పోషక పదార్థమేనని మన పెద్దలు ఊరకే అనలేదు.

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి అన్నాన్ని తక్కువ చేయరాదని, విశేషంగా పండించాలని, ఇంటికి వచ్చినవారిని కాదనరాదని వ్రతాలుగా విధించింది. ఆ వ్రతాలను అక్షరాలా పాటించిన గృహిణి సీతమ్మగారు. ఆమెలాగా వేలమందికి అన్నం పెట్టే శక్తి మనకు లేకపోవచ్చు. మన గడపలోపల కూర్చుని, ఏమీ వద్దు నాయనా అంటూ విస్తరి ముందు నుంచి లేచిపోయే ఒక తల్లికి, ఒక తండ్రికి మారు వడ్డించే శక్తి మనలో ప్రతి ఒక్కరికీ ఉంది. యాత్రకు బయలుదేరే ముందు ఇంటిలోని పెద్దలకు ఆ నాలుగు రోజులూ ఎవరు వండి పెడతారో నిశ్చయం చేసుకుని కదిలే యాత్రికుని చూచి స్వామి తప్పక సంతోషిస్తాడు. అవసరమైతే పల్లకీని వెనక్కు తిప్పగలగాలి. అటువంటి ఇంటికి అంతర్వేది దూరం కాదు, తిరుమల అసలే దూరం కాదు.

సీతమ్మ తల్లి పుణ్యస్మరణతో మన ఇళ్లలోని ప్రతి వృద్ధుని విస్తరి నిండుగాక! శ్రీలక్ష్మీనృసింహస్వామి కటాక్షం సర్వులకూ ప్రాప్తించుగాక!